ఐదు రోజుల పౌరుడు

డబ్బు పెట్టి దేశం కొనుక్కునేవాళ్ళంటే మిస్ వెర్లిన్ జార్విస్‌కి మొదటినుంచీ చిన్నచూపే. అలాగని వాళ్ళకి గది అద్దెకివ్వడం ఏనాడూ మానలేదు. చిన్నచూపు మనసులో ఉంటుంది, గది మేడమీద ఉంటుంది, రెండింటికీ సంబంధం లేదని ఆమె వాదన.

ఆంటిగ్వా పౌరసత్వం కొనుక్కున్నవాళ్ళు మొదటి ఐదేళ్ళలో కనీసం ఐదు రోజులు ఇక్కడ ఉండి తీరాలి. లేకపోతే కొన్నది కాస్తా చేజారుతుంది. చాలామంది ఆ ఐదు రోజులూ పెద్ద హోటళ్ళలో ఈతకొలనుల పక్కన పడుకుని గడిపేస్తారు. సందడి గిట్టనివాళ్ళు మాత్రం దక్షిణాన ఓల్డ్ రోడ్ దాకా వచ్చి, వెర్లిన్ మేడమీద దిగుతారు. వాళ్ళకి "ఐదు రోజుల పౌరులు" అని పేరు పెట్టింది ఆమే. ఒకాయన ఐదు రోజులూ గది తలుపు తీయలేదు. ఒకావిడ రోజుకి నాలుగుసార్లు కిందికి దిగి, ఇంకా ఎన్ని గంటలున్నాయని అడిగేది.

"జైల్లో ఉన్నవాళ్ళే నయంరా, కనీసం పక్కవాడితో మాట్లాడతారు" అనేది వెర్లిన్, తమ్ముడు ఎంబర్ట్‌తో.

మార్చి నెలలో ఒక ఆదివారం సాయంత్రం దిగిన మునీర్ సబ్బాగ్ కూడా ఆ బాపతేనని ఆమె అనుకుంది. అరవై ఒక్కేళ్ళ మనిషి, సన్నగా ఉంటాడు, ఇస్త్రీ నలగని ప్యాంటు. షార్జాలో నేలపలకల దుకాణం ఉందట. ఐదేళ్ళ గడువు శనివారంతో ముగుస్తుందనగా వచ్చాడు. ముందే రాకపోవడానికి ఒకసారి భార్య జబ్బు అడ్డమొచ్చింది, ఇంకోసారి ప్రపంచానికే జబ్బు చేసింది. శనివారం పౌరసత్వం ఆఫీసుకి సెలవు కాబట్టి సోమవారం నుంచి శుక్రవారం దాకా ఐదు రోజులు నిండుగా ఉండి, శుక్రవారం సాయంత్రం ఫారం ఇచ్చేసి, శనివారం మధ్యాహ్నం విమానం ఎక్కాలని లెక్క వేసుకున్నాడు. అటూ ఇటూ ఒక్క పూట కూడా మిగలని లెక్క అది.

సోమవారం పొద్దున్నే ఆయన కిందికి దిగి, వంటింట్లో ఉన్న వెర్లిన్‌కీ, గేటు దగ్గర చేపలు బేరమాడుతున్న పక్కింటావిడకీ, రోడ్డున పోయే పోస్టుమనిషికీ వరసగా గుడ్ మార్నింగ్ చెప్పాడు. ఓల్డ్ రోడ్‌లో గుడ్ మార్నింగ్ చెప్పనివాడు మంచినీళ్ళడిగినా ఎవరూ పలకరు. వెర్లిన్ మనసులోనే ఆయనకి కొన్ని మార్కులు వేసింది. ఉప్పుచేప, వంకాయ కూర పెడితే గిన్నె తుడిచి తిన్నాడు. ఇంకొన్ని మార్కులు వేసింది.

పేచీ అంతా ఆయన జేబులో ఉండే చిన్న డైరీతోనే. ఏ రోజు ఎక్కడ ఉన్నదీ ఫారంలో రాయాలట. ఆయన ప్రతి సాయంత్రం వరండాలో కూర్చుని, బడిపిల్లాడు చూచిరాత రాసినంత శ్రద్ధగా రాసుకునేవాడు. సోమవారం: ఓల్డ్ రోడ్, వరండా. మంగళవారం: ఓల్డ్ రోడ్, వరండా, చర్చి దాకా నడక.

"ఏంటండీ మరీ కోడిపెట్టలా ఒకేచోట పొదుగుతున్నారు?" అన్నాడు ఎంబర్ట్ మంగళవారం రాత్రి భోజనాల దగ్గర. ఎంబర్ట్‌కి ఒక పడవ, రెండు వలలు, పడవ పట్టనంత నోరు ఉన్నాయి. "దేశం కొన్నాక కాస్త తిప్పి చూసుకోవద్దూ?"

"చూస్తాను. ముందు ఐదు రోజులు నిండనివ్వండి" అన్నాడు మునీర్. "నేను పుట్టింది లెబనాన్‌లో, పాలస్తీనా శరణార్థుల శిబిరంలో. చేతిలో ఒక కాగితం ఉండేది కానీ, అందులో దేశం ఉండేది కాదు. యాభై ఆరో ఏట నాకంటూ దేశం దొరికింది. జాగ్రత్తగా ఉండాలి కదా."

"జాగ్రత్తగా ఉండండి, ఎవరొద్దన్నారు? పెట్టెలో చొక్కాలా ఉండొద్దంటున్నాం" అంది వెర్లిన్. "రేపు మా రోజమండ్ పిన్నికి తొంభై మూడు నిండుతాయి. పొద్దున్నే పడవలో పోయొస్తున్నాం. మీరూ రండి. మేకని కోస్తున్నారు."

"సాయంత్రానికల్లా ఇంటికొచ్చేస్తామా?"

"పొద్దుగుంకే లోపు ఇక్కడుంటాం."

ఆయన అడిగింది అంతే. వాళ్ళు చెప్పిందీ అంతే.

బుధవారం తెల్లవారుతూనే పడవ కదిలింది. పది నిమిషాలకే మునీర్ ముఖం పచ్చి అరటికాయ రంగుకి తిరిగింది. వలల మీద పడుకోబెట్టి, ముఖం మీద తడి తువాలు కప్పారు. పడవ ఎటు పోయిందీ, ఎంతసేపు పోయిందీ ఆయనకి తెలియదు. కాళ్ళు నేలకి ఆనాక మాత్రం మనిషి మళ్ళీ మనిషయ్యాడు. పిన్ని ఇంటి పెరట్లో గోట్ వాటర్ ఉడుకుతోంది. పేరుకే నీళ్ళు, గిన్నెలో గరిటె నిలబడేంత మాంసం. రెండు గిన్నెలు లాగించాడు. పిన్ని ఆయన చెయ్యి పట్టుకుని గంటసేపు వదల్లేదు, ఎవరో పాతకాలపు బంధువనుకుంది. చివరికి ఎంబర్ట్ పాట పెడితే ఇస్త్రీ ప్యాంటుతోనే గెంతాడు. ఎవరూ నేర్పని అడుగులు వేశాడు, అందరూ చప్పట్లు కొట్టారు.

"ఆ కొండ మీద పొగేంటి?" అని ఒకసారి అడిగాడు కూడా.

"కొండ చుట్ట కాలుస్తోంది" అన్నాడు ఎంబర్ట్.

ఆ సాయంత్రం వెర్లిన్ వరండాలో కూర్చుని మునీర్ డైరీ తీశాడు. ముఖం వెలిగిపోతోంది.

"మిస్ వెర్లిన్, మనం వెళ్ళిన ఊరి పేరేంటండీ?"

"పిన్ని వాళ్ళ ఊరా? సెయింట్ జాన్స్" అంది వెర్లిన్ వంటింట్లోంచి.

"సెయింట్ జాన్స్ మన రాజధాని కదా? నేను ఆదివారం దాని మీదుగానే వచ్చాను. ఇలా లేదే?"

"అది మన సెయింట్ జాన్స్ అండీ. ఇది మాంట్సెరాట్ సెయింట్ జాన్స్."

"మాంట్సెరాట్ అంటే? ఈ ద్వీపంలో ఏ వైపు?"

వెర్లిన్ గరిటె పట్టుకునే వరండాలోకి వచ్చింది. ఆ గరిటెతోనే సముద్రం మీద నల్లగా కనిపిస్తున్న కొండను చూపించింది. "అదిగో, అదే. మన ద్వీపంలో ఎందుకుంటుంది? అది వేరే ద్వీపం. ఇంగ్లండు వాళ్ళది."

చెప్పడం పూర్తయ్యాక గానీ తన నోట్లోంచి ఏం వచ్చిందో ఆమె చెవికి వినపడలేదు. మునీర్ కలం కిందపడింది. తీసుకోవాలని కూడా ఆయనకి తోచలేదు.

ఏం చెప్పాలి? వెర్లిన్ పుట్టి యాభై ఎనిమిదేళ్ళు. ఆ కొండని పరదేశం అనుకున్న రోజు ఒక్కటి లేదు. అమ్మ పుట్టింది అక్కడ. అగ్నిపర్వతం బద్దలైనప్పుడు మేనమామ పిల్లలు ముగ్గురు వచ్చి ఇదే ఇంట్లో నాలుగేళ్ళున్నారు. పెళ్ళయితే వీళ్ళు అటు, తుఫానొస్తే వాళ్ళు ఇటు. ఓల్డ్ రోడ్‌లో ఎవరినడిగినా "అవతలికి వెళ్ళొచ్చాం" అంటారే తప్ప, దేశం దాటామని అనరు. ఈ లోకంలో ఇంత అమాయకంగా సరిహద్దు దాటించగలిగేది మా ఓల్డ్ రోడ్ వాళ్ళొక్కరే.

"అయితే నాకు నాలుగు రోజులే" అన్నాడు మునీర్ నెమ్మదిగా. ఆయన కోప్పడితే వెర్లిన్‌కి కాస్త ఊపిరాడేది. కోప్పడలేదు. లేచి, గుడ్ నైట్ చెప్పి మేడమీదికి వెళ్ళిపోయాడు.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. గురువారం పొద్దున్న చేపల రేవులో ఎంబర్ట్ పెదవి దాటింది, పది గంటలకల్లా ఊరంతా వెర్లిన్ ఇంటి ముందుంది. ఓల్డ్ రోడ్‌లో న్యాయస్థానం లేదు గానీ, ఆ ఇంటి ఎదురుగానే వారీ బల్ల ఉంది. వారీ అంటే మన వామనగుంటలాటే. ఆ బల్ల దగ్గర ముప్పై ఏళ్ళుగా గింజలు పంచుతున్న రిటైర్డ్ పోలీసు నిబ్స్ తీర్పు చెప్పాడు.

"ఎవరు చూశారు? ఏ ముద్ర పడింది? ఏమీ లేదు. బుధవారం ఓల్డ్ రోడ్‌లోనే ఉన్నానని రాసెయ్యండి. ఎవడైనా అడిగితే నాతో వారీ ఆడుతున్నారని నేను చెబుతా."

"నేను చెప్తా, మా ఇంట్లో పాయసం తిన్నారని" అంది పక్కింటావిడ.

"చర్చిలో వెనక బెంచీ మీద ఉన్నారు, నేను చూశాను" అన్నాడు గంట కొట్టే ఆయన.

అరగంటలో మునీర్ బుధవారం ఒకేసారి పదకొండు చోట్ల ఉన్నట్టు తేలింది. వెర్లిన్‌కి ప్రాణం లేచొచ్చింది. "విన్నారా? ఊరంతా మీ వైపే. ఒక్క ముక్క రాసేస్తే సరిపోయె!"

మునీర్ మెట్ల మీద కూర్చున్నాడు. అందరి వంకా చూశాడు. కళ్ళలో నీళ్ళున్నాయి, పెదవుల మీద నవ్వు ఉంది.

"నాకోసం ఇంతమంది అబద్ధమాడతామనడం ఇదే మొదటిసారి" అన్నాడు. "ఇంతకాలం నా అబద్ధాలు నేనే ఆడుకున్నాను. ఒక దేశం గేటు దగ్గర పుట్టిన ఊరు మార్చి చెప్పేవాణ్ణి, ఇంకో గేటు దగ్గర చేసే పని మార్చి చెప్పేవాణ్ణి. నిజం చెబితే పక్కకి నిలబెట్టేవాళ్ళు. నా దగ్గరున్న ప్రతి కాగితం మీదా ఏదో ఒక అబద్ధం ఉంది. ఈ ఒక్క దాని మీదే లేదు. దీని మీద కూడా రాస్తే ఇదీ వాటిలో ఒకటైపోతుంది."

"పోతే పోనీ అనుకోవడానికి అది పాస్‌పోర్టండీ, పాత చెప్పు కాదు!" అంది వెర్లిన్.

"పౌరసత్వం తీసుకునేటప్పుడు ప్రమాణం చేశాను మిస్ వెర్లిన్. చెయ్యెత్తి."

ఆ ప్రమాణంలో ఏముంటుందో వెర్లిన్‌కి తెలియదు. ఆమె పుట్టిందంతే, ఎవరూ చెయ్యెత్తమనలేదు. ఏమని చేశారని అడిగితే, ఆయన మొదటినుంచి చివరిదాకా ఒక్క మాట పోకుండా అప్పజెప్పాడు. వారీ బల్ల దగ్గర గింజల చప్పుడు ఆగిపోయింది. ఇన్నేళ్ళు తను "ఐదు రోజుల పౌరులు" అని వేళాకోళం చేసిన మాట గుర్తొచ్చి వెర్లిన్‌కి తల కొట్టేసినట్టయింది. ఆమె సిగ్గుపడటం అరుదు. పడిందంటే ఊరుకోదు.

"సరే అయితే. రేపు నేనూ వస్తా. తప్పు నాది. ఎంబర్ట్, నువ్వూ రా. పడవ నీది."

"నాకు జరిమానా వేస్తారే అక్కా!"

"వేస్తే కట్టు. మేక మాంసం అరిగిందిగా, ఇదీ అరుగుతుంది."

శుక్రవారం వెర్లిన్ చర్చికి పెట్టుకునే ఊదారంగు టోపీ పెట్టుకుని బయల్దేరింది. పౌరసత్వం ఆఫీసులో ఫారాలు తీసుకునే బల్ల వెనక కూర్చున్నావిడ మిసెస్ తిబూ. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి మనిషిని చూస్తే, చెయ్యని తప్పు కూడా ఒప్పుకోవాలనిపిస్తుంది. ఉండేది ఓల్డ్ రోడ్ పక్కనే ఉర్లింగ్స్‌లో. ప్రతి శనివారం వెర్లిన్ దగ్గర డుకానాలు కొంటుంది, అంటే కొబ్బరి, చిలగడదుంప తురుము ఆకుల్లో చుట్టి ఉడికించే కుడుములు. ఆ పరిచయం ఇవాళ అక్కరకొస్తుందేమోనని వెర్లిన్ ముఖమంతా నవ్వు పులుముకుంది. మిసెస్ తిబూ ఆ నవ్వుని చూడనట్టే ఫారం చేతిలోకి తీసుకుంది.

"బుధవారం దగ్గర ఖాళీ వదిలారేం?"

"అదంతా నా వల్లేనండీ..." అని వెర్లిన్ మొదలుపెట్టింది.

"నేను ఆయన్ని అడిగాను."

మునీర్ చెప్పాడు. పడవ, తువాలు, పిన్ని, రెండు గిన్నెలు, కొండ మీద పొగ, ఏదీ దాచలేదు. మిసెస్ తిబూ కలం కింద పెట్టింది.

"బుధవారం లెక్కలోకి రాదు. ఇవాళ్టితో కలిపి నాలుగే."

"అవును మేడం" అన్నాడు మునీర్. "నాకు తెలుసు. అయినా చెప్పి వెళ్దామని వచ్చాను."

ఆవిడ లేచి నిలబడి మొదలుపెట్టింది.

"మీకసలు బుద్ధుందా? ఈ వయసులో, ఈ ఎంబర్ట్‌గాడి డొక్కు పడవలో, ఒంటి మీద లైఫ్ జాకెట్ కూడా లేకుండా సముద్రం దాటుతారా? మునిగితే? ఎక్కడికి అని ఒక్క మాట అడగరా? మేకని కోస్తున్నామంటే లేచి వెళ్ళిపోవడమేనా? అచ్చం మా ఆయనలాగే ఉన్నారే! ఇక నువ్వు, వెర్లిన్, ఆ టోపీ పెట్టుకుని నవ్వితే కరిగిపోతాననుకున్నావా? ఎంబర్ట్, వెనక దాక్కోకు. సోమవారం రేవు ఆఫీసుకెళ్ళి జరిమానా కట్టు. నేను కనుక్కుంటా."

వెర్లిన్, ఎంబర్ట్ తలలు వంచుకున్నారు. మునీర్ మాత్రం తలెత్తి వింటున్నాడు. ఇంతకాలం ఆఫీసుల్లో అందరూ ఆయనతో మర్యాదగా, చల్లగా మాట్లాడారు. పక్కకి నిలబడండి సార్, రేపు రండి సార్. ఇలా సొంత మనిషిని తిట్టినట్టు ఎవరూ తిట్టలేదు. ఆయన ముఖంలో సంతోషం చూసి మిసెస్ తిబూ కాస్త తడబడింది.

"రేపటితో కదా మీ గడువు? రేపు ఉంటే ఐదు నిండుతాయి."

"రేపు ఆఫీసు మూసేస్తారు కదా మేడం."

"ఆఫీసు మూసేస్తారు. నన్ను మూసెయ్యరుగా? సాయంత్రం డుకానాలకి ఎలాగూ వస్తాను. ముద్ర సంచీలో వేసుకొస్తాను. పొద్దుగుంకే వేళకి నాకు మీరు ఓల్డ్ రోడ్‌లో కనపడాలి. కనపడలేదా, నేను డుకానాలు మాత్రమే పట్టుకుపోతాను."

విమానం ఆదివారానికి మారింది. షార్జా నుంచి కూతురు ఫోన్లో అరగంట కేకలేసింది. మేడమీద గదిలోకి శనివారం కొత్తవాళ్ళు దిగుతున్నారు కాబట్టి, మునీర్ మంచం కుట్టుమిషన్ గదిలోకి మారింది. దానికి అద్దె ఎంతని అడిగితే వెర్లిన్ గరిటె చూపించింది.

శనివారం పొద్దున్న గుడ్ మార్నింగ్ పూర్తికాకముందే ఆమె ఆయన చేతిలో నాలుగు కొబ్బరికాయలు పెట్టింది. "ఊరికే కూర్చుని తినేవాళ్ళు మేడమీద ఉంటారు. కింద ఉన్నవాళ్ళు తురమాలి." కొబ్బరి అయ్యాక చిలగడదుంపలు ఇచ్చింది. మధ్యాహ్నానికి మీరు కాస్తా నువ్వు అయింది. "అంత లావుగా కాదు, సన్నగా తురుము. నీ దుకాణంలో పలకలు కోస్తున్నావనుకున్నావా?" ఆయన వేళ్ళకి గాట్లు పడ్డాయి, జుట్టంతా కొబ్బరి అయింది. తురుముని ఆకుల్లో చుట్టడం మాత్రం ఆమె కన్నా బాగా చేశాడు. వెర్లిన్ ఆ సంగతి పైకి అనలేదు.

సాయంత్రం ఐదున్నరకి మిసెస్ తిబూ సంచీతో వచ్చింది. మునీర్ లేడు. కుట్టుమిషన్ గదిలో లేడు, పెరట్లో లేడు. రేవు వైపు పోయాడని, పడవ దగ్గర ఎంబర్ట్ కూడా ఉన్నాడని పక్కింటావిడ చెప్పేసరికి వెర్లిన్ కేక పెట్టింది.

"ఓరి దేవుడా, మళ్ళీ ఎక్కించాడు!"

చేతులు కూడా కడుక్కోకుండా రేవుకి పరుగెత్తింది. వెనకాల మిసెస్ తిబూ, ఆవిడ వెనకాల నిబ్స్.

పడవ ఒడ్డునే ఉంది. ఎంబర్ట్ అందులో నిలబడి "ఒక్క చుట్టు, ఒడ్డు వెంటే" అని బతిమాలుతున్నాడు. మునీర్ ఇసుకలో చాలా పైన, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చున్నాడు. పెద్ద అల వచ్చి నురగ కాస్త దగ్గరైతే చాలు, కూర్చున్నవాడు కూర్చున్నట్టే వెనక్కి జరుగుతున్నాడు.

"ఏం చేస్తున్నారు మిస్టర్ సబ్బాగ్?" అంది మిసెస్ తిబూ ఆయాసపడుతూ.

"కొబ్బరి కడుక్కుందామని వచ్చాను మేడం. వచ్చాక అనుమానమొచ్చింది. నీళ్ళలో కాలు పెడితే దేశం దాటినట్టవుతుందేమో. గంట నుంచి ఇలాగే ఉన్నాను."

ఎంబర్ట్ పడవలో పడి దొర్లుతూ నవ్వాడు. మిసెస్ తిబూ నవ్వలేదు. ఆవిడ సంచీలోంచి ఫారం తీసి, తిరగేసిన ఒక పడవ మీద పరిచి, ఎర్రగా దిగుతున్న సూర్యుణ్ణి ఒకసారి చూసి, ముద్ర కొట్టింది. ఆ తర్వాత అంది, "ఒడ్డు నుంచి పన్నెండు మైళ్ళ దాకా సముద్రం మనదే."

మునీర్ ఆమెను చూశాడు, నీళ్ళను చూశాడు. యాభై ఆరేళ్ళ దాకా చారెడు మట్టి తనదని చెప్పుకోలేకపోయిన మనిషి ఆయన.

"మనదేనా?"

"మనదే. దిగండి."

ఆయన బూట్లు విప్పలేదు, ప్యాంటు మడవలేదు. తిన్నగా నడుచుకుంటూ నీళ్ళలోకి వెళ్ళాడు. మోకాళ్ళ దాకా, తొడల దాకా, నడుం దాకా. వెర్లిన్ కొబ్బరి చేతులతోనే కళ్ళు తుడుచుకుంది, మండితే తిట్టుకుంది. అంత దూరం వెళ్ళి మునీర్ వెనక్కి తిరిగాడు. రెండు చేతులూ నీళ్ళ మీద చాపి, "ఇది కూడానా?" అని అరిచాడు.

"అది కూడా!" అని ఒడ్డు మీద అందరూ ఒక్కసారే అరిచారు.